ఆదివారం దాకా నిలవాల్సిన పూలు

కోరుట్లలో మా ఎదురింట ఉండే అంజవ్వ ముప్పై మూడేళ్లు బీడీలు చేసింది. 'చేసింది' అనే క్రియను నేను తెలిసే వ్రాస్తున్నాను. మా ప్రాంతంలో బీడీలు చేస్తారు, చుట్టరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పిల్లల వ్యాసాలలో ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టి 'చుట్టింది' అని దిద్దేవాణ్ని. చాట ఒళ్లో పెట్టుకొని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టే తల్లుల పిల్లలు వాళ్లు. తమ ఇంటి పనికి ఏ క్రియ నప్పుతుందో వాళ్లకు తెలియకనా? ఆ ఎర్ర గీతలలో కొన్నింటిని ఇప్పుడు వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని అనిపిస్తుంది.

అంజవ్వ భర్త జలపతి పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఆమెకు రెండేళ్ల కిందట దగ్గు మొదలైంది. జగిత్యాలలో డాక్టరు గొట్టం పెట్టి విని, ఎక్స్‌రే తీయించి చూసి, పొగాకు గాలి తగలని పని ఏదైనా చూసుకొమ్మన్నాడు. "గసుంటి పని కోరుట్లల ఏడున్నది సారూ?" అని ఆమె అడిగిందట.

ఆ పని ఆమెకు మా ఇంట్లో కనబడింది. అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు, నా అజ్ఞానమే ఉంది.

నా పదవీ విరమణ సభలో ఒక పూలగుత్తి ఇచ్చారు. అలాంటి సభలలో ఉపన్యాసాలు పూలకంటే ఎక్కువసేపు నిలుస్తాయి. ఆ విషయం వదిలేస్తాను. గులాబీలు, చామంతులు కలిపి, మిలమిలలాడే ప్లాస్టిక్కు చుట్టి ఇచ్చిన ఆ గుత్తిని చుట్టినది చుట్టినట్టే ఇత్తడి చెంబులో నిలబెట్టి టీవీ పక్కన పెట్టాను. మూడో రోజుకు గులాబీలు మెడలు వాల్చాయి. పాలలోకి తోడు అడగడానికి వచ్చిన అంజవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో సారు, గీ కవరు కట్టి వీటి గొంతు పిసికిండ్రు గదా! నీళ్లెన్నడు మార్చిండ్రు?"

"మార్చాలా?"

"మీరు రోజు మొకం కడుగరా?"

నా సమాధానం కోసం ఆగకుండా చెంబుతో సహా తీసుకుపోయింది. మరునాడు వెళ్లి చూస్తే ఆ గులాబీలు బకెట్టులో నిటారుగా నిలబడి ఉన్నాయి. ఏం చేశావని అడిగాను. ప్లాస్టిక్కు విప్పి, నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసి, కాడల చివరలను నీళ్లలోనే ఉంచి ఆకు కత్తెరతో ఏటవాలుగా అంగుళం మేర కత్తిరించిందట.

"బయట కోస్తె కాడ లోపటికి గాలి పోతది సారు. గాలి పోయినంక నీళ్లు మీదికెక్కయి. బీడీల తునికాకు గూడ గంతే. ఎండితె పలుగుతది, ఎక్కువ నానితె మురుగుతది. నడుమల ఒక్క తీరున్నది. గది చెయ్యికి తెలుస్తది."

ఆ గులాబీలు ఇంకో ఆరు రోజులు, చామంతులు పన్నెండు రోజులు నిలిచాయి.

తెలుగులో పువ్వుకు పువ్వులనీ, పూవులనీ, పూలనీ మూడు బహువచన రూపాలు ఉన్నాయని ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన నేను, ఒక పువ్వును మూడు రోజులైనా బతికించలేకపోయాను. ఆ మూడు రూపాలలో ఒక్కటీ వ్రాయడం రాని మనిషి వాటిని పన్నెండు రోజులు నిలబెట్టింది.

ఆ తరువాత ఏడాదిపాటు అంజవ్వ ఇంటి కిటికీలో ఖాళీ హార్లిక్స్ సీసాలు వరుస తీరి ఉండేవి. గొల్లపల్లి రైతులు అంగడిలో అమ్మగా మిగిలిన చామంతులను తెచ్చి ఒక్కో సీసాలో ఒక్కో విధంగా పెట్టేది. ఉత్త చక్కెర వేసిన నీళ్లు రెండో రోజుకే జిగురెక్కాయి. చెంచాడు చక్కెరతోపాటు నిమ్మరసం పిండిన సీసాలో పూలు బాగా నిలిచాయి. అయినా రోజూ సీసా తోమి నీళ్లు మార్చడాన్ని మించినది లేదని తేల్చింది. రాగి పైస వేస్తే వాడవని ఎవరో చెబితే అదీ వేసి చూసి, నాలుగో రోజు పైస తీసి కడిగి దాచుకున్నది. ఒకసారి మా ఆవిడ ఇచ్చిన అరటిపండ్లను ఆ కిటికీలోనే పెట్టి మరచిపోయింది. మరుసటి ఉదయానికి పక్కనున్న రెండు సీసాల పూలు రేకులు రాల్చేశాయి. మరెవరైనా ఎండ దెబ్బ అనుకునేవారు. ఆమె మళ్లీ అరటిపండ్లు తెచ్చి, మళ్లీ అక్కడే పెట్టి, మళ్లీ రాలుతాయో లేదో చూసింది. రాలాయి. "పండు పండుకుంట పువ్వును గూడ ముసలిదాన్ని జేస్తది సారు" అన్నది. శాస్త్రం ఇంతకంటే భిన్నంగా ఏమీ చెప్పదని తరువాత చదివి తెలుసుకున్నాను.

నెమ్మదిగా చిన్న చిన్న పనులు రాసాగాయి. ఒకరింట పుట్టినరోజు, ఇంకొకరింట నిశ్చితార్థం. అయినా ఇల్లు గడవడానికి బీడీలు మానలేదు. ఈ రెండు పడవల ప్రయాణం పోయిన మే నెలలో ముగియవలసి వచ్చింది. పని సరిగా ఇవ్వనివాళ్ల పేర్లు తీసేస్తున్నామనీ, సోమవారం వచ్చి మునుపటిలా నిండుగా ఆకు తీసుకుపోవడమో, పేరు కొట్టించుకోవడమో తేల్చుకొమ్మనీ బీడీ కార్ఖానా గుమాస్తా కబురు పంపాడు. ఒకసారి పేరు పోతే మళ్లీ ఎక్కదు.

సరిగ్గా ఆ వారమే సిరిసిల్ల నుండి శైలజ నాకు ఫోను చేసింది. శైలజ నా పూర్వ విద్యార్థిని, అంజవ్వ పూల సంగతి నా నోటనే విన్నది. ఆమె కూతురి పెళ్లి ఆ ఆదివారం. దండలు రెండు, భోజనాల బల్లల మీదికి ఇరవై అయిదు సీసాల పూలు కావాలన్నది. మామూలు రోజులైతే సమస్యే లేదు. కానీ ఆ ఆదివారం పెద్ద ముహూర్తం. హైదరాబాదు నుండి బస్సుకు పూలు పంపే వ్యాపారి శనివారం సరుకంతా ముందే మాట్లాడుకున్నారనీ, శుక్రవారం తెల్లవారి తప్ప ఇవ్వలేననీ అన్నాడు. శుక్రవారం వచ్చిన పూలు నలభై నాలుగు డిగ్రీల ఎండలో, రేకుల ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం దాకా నిలవాలి.

"ఇవి నిలిస్తె సోమవారం పేరు కొట్టిస్త. నిలువకపోతె నోరు మూసుకోని ఆకు తెచ్చుకుంట" అన్నది అంజవ్వ నాతో. తరువాత మస్కట్‌కు ఫోను చేసి భర్తకూ అదే చెప్పింది. స్పీకరులో జలపతి నవ్వు వినబడింది.

"పూలు ఎండినయనుకో, ఏం జేస్తవే? ఆకుల సుట్టి అమ్ముతవా?"

"మొదటి కట్ట నీకే పార్సిల్ జేస్త. ఆడ కూసోని తాగు."

శుక్రవారం పెట్టెలు వచ్చాయి. కాడలతో ఉన్న గులాబీలు అరవై, తెల్ల చామంతులు, పసుపు చామంతులు, దండలకోసం రెండు కిలోల విడి గులాబీలు. కాడలున్న వాటిని ఆమె నీళ్లలోనే కత్తిరించి, మెడలోతు నీళ్లున్న బకెట్లలో నిలబెట్టి, నేల తడిపిన లోపలి గదిలో పెట్టింది. ఫ్యాను వేయబోతే నన్ను వారించింది. "గాలి కొడితె తాగిన నీళ్లన్ని ఆరిపోతయి సారు. చెమట మనకు పోనియ్యి, వాటికి వద్దు."

విడి గులాబీలకు కాడలు లేవు, కనుక బకెట్టు పనికిరాదు. తడి ఆరకుండా, నీరు చేరకుండా చుట్టి ఉంచాలి. అంజవ్వ ఇంట్లో తేమను సరైన తీరున పట్టి ఉంచే వస్తువు ఒకటున్నది. అది తునికాకును రాత్రంతా మెత్తగా ఉంచే గోనె సంచి. దాన్ని రెండుసార్లు ఉతికి, పిండి, గులాబీలను అందులో పరచి చుట్టింది. నేను పక్కనే కూర్చొని చూస్తున్నాను. నాకూ ఏమీ తట్టలేదు.

శనివారం ఉదయం పది గంటలకు దండలు కట్టడానికి మహమూదా బేగం వచ్చింది. ఆమెది కోరుట్ల అవతలి చివర. నలభై ఏళ్లుగా పెళ్లికొడుకులకు సెహ్రాలు, అంటే ముఖం మీదికి వేలాడే పూల తెరలు, కడుతున్నది. కొత్తగా పూల పనిలోకి వచ్చిన అంజవ్వ అంటే ఆమెకు కొంత ఇష్టం, కొంత వెటకారం. అంజవ్వ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది.

"చూపియ్యి, నీ ఖజానా చూపియ్యి" అంటూ చాప మీద కూర్చున్నది.

అంజవ్వ గోనె విప్పింది. గులాబీలు నిన్న వచ్చినప్పటికంటే నిగనిగలాడుతున్నాయి. ఒక్క రేకు కూడా నలగలేదు. మహమూదా బేగం ఒక పువ్వు తీసుకొని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకొని, ఠక్కున కింద పెట్టింది.

"యా అల్లా! అంజవ్వా, గిది పెండ్లికొడుకు మెడల ఏసే దండనా, బీడీ కట్టనా?"

"ఏందాపా?"

"ఏందాపా అంటవేంది? తంబాకు వాసన! నీకు రాట్లేదా?"

అంజవ్వ పువ్వు వాసన చూసింది. మళ్లీ చూసింది. నాకు అందించింది. నాకు గులాబీ వాసనే వచ్చింది. మా వీధిలో ప్రతి ఇంటి గడపలోనూ చాట ఉంటుంది. అక్కడ బతికిన ముక్కులకు ఆ వాసన ఒక వాసన కాదు, గాలి. ఉతికిన గోనెలో ముప్పై మూడేళ్ల తంబాకు ఇంకా కూర్చొని ఉందని మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

అంజవ్వ గోడకు ఆనుకొని కూర్చున్నది. దగ్గు వచ్చింది.

"గింతదానికి ఏడుస్తవా?" అన్నది మహమూదా బేగం, ఆమె ఏడవకపోయినా. "నా దగ్గర గులాబ్ అత్తరున్నది. నాలుగు చుక్కలు కొడ్త. ఎవ్వలకు తెల్వది. ఫోటోల వాసన రాదు గద!"

"అత్తరు ఎంతసేపుంటది ఆపా?"

"రెండు గంటలు, మూడు గంటలు."

"మూడు గంటలైనంక?"

"అప్పటికి దండలు తీసేస్తరు."

"తియ్యకపోతె?"

"తియ్యకపోతె నువ్వు కోరుట్లలుంటవ్, వాళ్లు సిరిసిల్లలుంటరు!"

నాకు నవ్వు వచ్చింది. అంజవ్వకు రాలేదు. "పోయిందో లేదో నా ముక్కుకు తెల్వది. నా ముక్కుకు తెల్వని వస్తువు నేనెట్ల ఇయ్యాలె? గీ పూలు ఇయ్యను" అని లేచి నిలబడింది. గోనెతో సహా గులాబీలను వాకిట్లో పెట్టి వచ్చి, బకెట్ల దగ్గర కూర్చొని కాడల గులాబీలను లెక్కపెట్టింది. అరవైలో యాభై ఆరు బాగున్నాయి.

"ఆపా, యాభై ఆరు పూలు, తెల్ల చామంతి ఎంత కావాల్నంటె అంత. రెండు దండలైతయా?"

మహమూదా బేగం వేళ్ల మీద లెక్క కట్టింది. "నడుమ నడుమ చామంతి పెడితె అయితయి. కని కాడ కోసినంక గంటల లెక్కనే. ఇయ్యాల కడితె రేపటికి తలకాయలు ఏలాడేస్తయి."

"ఇయ్యాల కట్టం. రేపు పొద్దుగాల సిరిసిల్లలనే కడదాం. అప్పటిదాక కాడల మీదనే ఉంటయి."

"కడదాం అంటె? నేను గూడ రావాల్నా? నా మోకాళ్లు నీ ఆర్డరుల లేవు గద!"

"నువ్వు రాకపోతె దండ ఎవ్వలు కడుతరు? నేను కడితె బీడీ కట్టనే అయితది."

ఈసారి మహమూదా బేగం నవ్వింది. వస్తానన్నదని మాకు దానితోనే అర్థమైంది.

ఆ తరువాత శైలజకు ఫోను చేయమని అంజవ్వ నన్ను అడిగింది. విషయం నేనే నాజూకుగా చెబుతానన్నాను. భాష మీద నాకున్న నమ్మకం అలాంటిది. ఆమె ఒప్పుకోలేదు. ఫోను తీసుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "శైలజమ్మా, నాతోని ఒక తప్పయింది. దండల గులాబీలకు తంబాకు వాసన వట్టింది. అవి ఇయ్యను. టేబుళ్ల మీదికి పెట్టే గులాబీలు దండలకు వాడుత. టేబుళ్ల మీద ఉత్త చామంతులే ఉంటయి. వద్దంటె ఇప్పుడే చెప్పు, వేరే చూసుకుందువు."

"రేపు పెండ్లి పెట్టుకోని ఇప్పుడు ఎవ్వలిని చూసుకోవాలె అంజవ్వా?" అన్న శైలజ గొంతులో కోపం దాగలేదు. "కానియ్యి. దండలైతె మంచిగుండాలె."

సాయంత్రం ఎండ తగ్గాక ట్రాలీ ఆటోలో బయలుదేరాము. బకెట్ల చుట్టూ తడి చీరలు కట్టి, గాలి తగలకుండా పైన ఇంకో చీర కప్పింది అంజవ్వ. రుద్రంగిలో ఆపించి ఒక ఇంటి బోరు నీళ్లతో చీరలను మళ్లీ తడిపింది. పెళ్లికి పోతున్నామంటే ఆ ఇంటివాళ్లు పెళ్లికూతురు ఎక్కడని అడిగారు. "బకెట్లున్నది" అన్నది మహమూదా బేగం.

సిరిసిల్లకు చేరేసరికి చీకటి పడుతున్నది. మరమగ్గాల చప్పుడు వినబడుతున్న ఆ ఊరంటే నాకు ఒక మమకారం ఉంది. నా మొదటి ఉద్యోగం అక్కడే. తరగతి గదిలో ఆ చప్పుడును మించి గొంతు పెంచి పద్యం చదవడం అక్కడే నేర్చుకున్నాను. ఈ రోజు ఆ కథ వద్దు. శైలజ ఇంట్లో ఆమె ఆడబిడ్డ రత్నమాల మా బకెట్లను చూసి, చల్లగా ఉంటుందని, కూలరు పెట్టిన వెనుక గదిలో పెట్టించింది. అంజవ్వ లోపలికి తొంగి చూసింది. ఒక మూలన ఆరు అరటి గెలలు, పక్కన మూడు బుట్టల మామిడిపండ్లు ఉన్నాయి.

"అమ్మా, గీ పండ్లు బయట పెట్టియ్యరా?"

"పండ్లు బయట పెడితె మెత్తవడుతయి. పూలు ఏం జేసినయని పండ్లను ఉడుకల పెట్టాలె?" అన్నది రత్నమాల.

"పండ్లే పూలను ఖరాబు జేస్తయమ్మా. రేపటికి రేకులు రాలుతయి."

"గిదెక్కడి ముచ్చట! మా అత్తగారి కాలం నుంచి పండ్లు, పూలు ఒక్క అర్రలనే పెడుతున్నం."

"మరి దండలెన్నడన్న సాయంత్రం దాక ఉన్నయా?"

రత్నమాల కూలరులో నీళ్లున్నాయో లేదో చూడసాగింది. ఉండలేదన్నమాట. అయినా గెలలు బయటికి పోలేదు. అంజవ్వ వాదించలేదు. బకెట్లను ఒక్కొక్కటిగా తానే ఎత్తి మెట్ల కింది చీకటి సందులోకి మార్చింది. కూలరు లేదు, పండ్లూ లేవు. నేను ఒక బకెట్టు ఎత్తబోతే, "మీరు నీళ్లు ఒంపుతరు సారు" అని లాక్కున్నది. నిజమే, ఒంపేవాణ్ని.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు గులాబీల తలలు కోశారు. యాభై ఆరింటిలో రెండే పనికిరాకపోయాయి. మహమూదా బేగం సూదితో గుచ్చుతుంటే అంజవ్వ తెల్ల చామంతులు అందించింది. దండలు పూర్తయ్యాక అంజవ్వ వాటిని పళ్లెంలో పెట్టుకొని వంటల దగ్గరికి నడిచింది. ఎందుకో అర్థంకాక నేనూ వెంట వెళ్లాను.

"అన్నా, గిది జర వాసన చూడు. ఏమొస్తుంది?" అని వంట మేస్త్రీని అడిగింది.

అతను గరిటె పక్కన పెట్టి, వంగి చూశాడు. "ఏం రాట్లేదు."

"మంచిగ చూడు."

"ఏం రాట్లేదక్కా. గీ పెద్ద గులాబీలకు వాసనెక్కడిది?"

పందిరి కట్టేవాణ్ని అడిగింది. ఫోటోలు తీసేవాణ్ని అడిగింది. ముగ్గురూ ఏమీ రావడం లేదన్నాక పళ్లెం తీసుకుపోయి శైలజ చేతిలో పెట్టింది.

ముహూర్తం పదీ నలభైకి. దండలు మార్చుకున్నారు. భోజనాల వేళకు కూడా గులాబీలు తలలెత్తుకొనే ఉన్నాయి. బల్లల మీద పసుపు చామంతులు, ఒక్కో సీసాలో అయిదేసి, ఇప్పుడే కోసి తెచ్చినట్టున్నాయి. అందరూ మెచ్చుకున్నారని వ్రాస్తే అది అబద్ధం. బల్లల మీద గులాబీలు లేకపోవడం వెలితిగా ఉందని రత్నమాల ఇద్దరు ముగ్గురితో అన్నది. శైలజ కూడా వీడ్కోలు చెప్పేటప్పుడు, "దండలు మంచిగున్నయి అంజవ్వా. టేబుళ్లే..." అని ఆగిపోయింది. "అవునమ్మా, టేబుళ్ల కాడ తప్పు నాదే" అన్నది అంజవ్వ, దాచకుండా.

తిరుగు ప్రయాణంలో ఆమె ఖాళీ బకెట్లను ఒకదానిలో ఒకటి పెడుతూ, మళ్లీ విడదీస్తూ కూర్చున్నది. మనసు మార్చుకున్నదేమోనని నాకు అనుమానం వచ్చి, రేపు కార్ఖానాకు వెళ్లి ఏం చెబుతావని అడిగాను.

"పూలు నిలిచినయి గద సారు. చెడింది పువ్వు గాదు, గోనె. తెల్వని తప్పుకు భయపడాలె గని, దొరికిన తప్పుకు భయమేంది?"

సోమవారం అర్జీ వ్రాసి పెట్టమని వచ్చింది. వ్రాశాను. వాక్యం చివర 'కోరుకుంటున్నాను' అని పెడితే, చదివించుకొని, "కోరుడెందుకు సారు? కొట్టెయ్యుండ్రి అని రాయి" అన్నది. అలాగే వ్రాశాను. కార్ఖానాలో గుమాస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"మల్ల కావాల్నంటె దొరకది అంజవ్వా. ముప్పై మూడేండ్ల పేరు. పూలను నమ్ముకోని..."

"పూలను నేనేం నమ్ముతలేను. రోజు నీళ్లు మారుస్తున్న. ఎక్కడ పెట్టాలె సంతకం?"

చూపించిన చోట తన పేరులోని మూడు అక్షరాలు మెల్లగా, ఒత్తి వ్రాసింది. బయటికి వచ్చాక ఎండకు కొంగు తల మీదికి లాక్కొని, బజారు ఇంకా తెరిచే ఉందా అని నన్ను అడిగింది. బుధవారం మేడిపల్లిలో ఒక నిశ్చితార్థం ఉందట. దానికోసం గోనెకు బదులుగా కొత్త నూలు గుడ్డ, అడుగు వెడల్పుగా ఉన్న బకెట్లు రెండు కొనాలన్నది.